పొట్టు, తవుడు, పిండి: ఒక పేరు చేసిన పొరపాటు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాద అని నాకు తెలుసు. కానీ నా వెనుక బల్ల మీద గుడ్డ కప్పి ఉంచిన రెండు బ్రెడ్లు కోసి ఉన్నాయి, కోసిన బ్రెడ్డు గాలికి ఆరిపోతుంది. అందుచేత ఆ మర్యాదను మనసులోనే చెల్లించుకుని విషయంలోకి వస్తున్నాను.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ఆరోగ్యకరమైన బేకింగులో ఓట్ ఫైబర్ వాడకం, దానికి ప్రత్యామ్నాయాలు. దాని గురించి తప్పక మాట్లాడతాను. అయితే అంతకుముందు ఒక ప్యాకెట్ మీద నాకున్న కోపాన్ని మీ ముందు పెట్టనివ్వండి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా ఆ కోపంలోంచే నేర్చుకున్నాను.

మా నాన్నగారికి రక్తంలో చక్కెర పెరిగినప్పుడు, మైదా తగ్గించి పీచు పెంచమని వైద్యులు చెప్పారు. ఆయనకు సాయంత్రం పూట ఒక మఫిన్ తినడం ఎన్నో ఏళ్ళ అలవాటు. అలవాటును మాన్పించడం కంటే మఫిన్నే మార్చడం సులువనుకుని, రెండు కప్పుల ఓట్ బ్రాన్‌తో చేసే ఒక పద్ధతిని రాసిపెట్టుకున్నాను. దుకాణంలో ఓట్ ఫైబర్ అన్న ప్యాకెట్ దొరికింది. దాని మీద ఓట్ వెన్నుల బొమ్మ, పక్కన ఎర్రటి గుండె గుర్తు, వెనుక వైపు 'పిండికి బదులుగా వాడండి' అన్న ఒక్క వాక్యం ఉన్నాయి. రెండూ ఓట్సే కదా అనుకున్నాను. ఈ సభలో ఎంతమంది అలా అనుకున్నారో చేతులెత్తమని అడగను గానీ, మనసులోనైనా ఎత్తండి.

రెండు కప్పుల ఆ తెల్లటి పొడి గిన్నెలో పోసిన పాలన్నిటినీ రెండు నిమిషాల్లో తాగేసింది. మరికొన్ని పాలు పోశాను, అవీ తాగేసింది. గరిటె నిలబెడితే నిలబడింది. ఓవెన్‌లోంచి తీసిన మఫిన్లు పైన బీటలు వారి, లోపల తడి సున్నంలా ఉన్నాయి. నాన్నగారు ఒకటి పూర్తిగా తిన్నారు. తింటూ మధ్యలో రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, "బాగానే ఉందమ్మా, కాస్త దాహం వేస్తోంది, అంతే" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక ఆ ప్యాకెట్‌లో ఉన్నదేమిటో చూద్దాం. ఓట్ గింజను కప్పి ఉంచే గట్టి పొట్టు మనకు నేరుగా తినడానికి పనికిరాదు. ఆ పొట్టును వేరు చేసి, శుద్ధి చేసి, మెత్తగా మర పట్టిస్తే వచ్చేదే ఓట్ ఫైబర్. అందులో నూటికి ఇంచుమించు 90 వంతులు పీచే, ఆ పీచులో దాదాపు అంతా నీటిలో కరగనిదే. పొట్టు తీసిన గింజ పైపొరల నుంచి వచ్చే తవుడును ఓట్ బ్రాన్ అంటారు. ఇందులో పీచు నూటికి 16 వంతులో ఇంకొంచెం ఎక్కువో ఉంటుంది, మిగిలినదంతా పిండి పదార్థం, మాంసకృత్తులు, కొవ్వు. గింజ మొత్తాన్ని మర పట్టిస్తే ఓట్ పిండి. ఒకే గింజకు సంబంధించినవైనా, పొట్టుకూ తవుడుకూ ఉన్న తేడా కట్టెకూ అన్నానికీ ఉన్న తేడా వంటిది.

ఆ గుండె గుర్తు సంగతి కూడా చెప్పాలి. ఓట్స్ గుండెకు మేలు చేస్తాయన్న మాటకు ఆధారం బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసుకుంటూ, సంతృప్త కొవ్వు, కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్న ఆహారం తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతినిచ్చింది. ఆ బీటా గ్లూకాన్ ఉండేది గింజలోనూ తవుడులోనూ, పొట్టులో కాదు. తవుడు సంపాదించుకున్న పేరును పొట్టు వాడుకోవడమే నా కోపానికి కారణం. పొట్టు చెడ్డదని నేను అనడం లేదు, దాన్ని పొట్టు అనే పిలవమంటున్నాను.

నిజానికి తగుపాళ్ళలో వాడితే ఓట్ ఫైబర్ చాలా మంచి దినుసు. దాని నుంచి దాదాపు కేలరీలు రావు, రుచి ఏమీ ఉండదు, రకాన్ని బట్టి తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది గనుక బ్రెడ్డు త్వరగా ఎండిపోదు. ఇబ్బందల్లా గోధుమ పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్ అనే మాంసకృత్తుతో వస్తుంది. పిండి పొంగడానికి ఆధారమైన గ్లూటెన్ వలకు నీరు కావాలి. పీచు ఆ నీటిని ముందే లాక్కుంటుంది, పైగా వల మధ్యలో అడ్డుపడి గాలి బుడగలను చీలుస్తుంది. అందుకే నేను 500 గ్రాముల గోధుమ పిండిలో 25 నుంచి 30 గ్రాములు తీసేసి అంతే బరువు ఓట్ ఫైబర్ వేస్తాను, మరో 70 గ్రాముల దాకా నీళ్ళు కలుపుతాను, కలిపిన ముద్దను అరగంట కదపకుండా ఉంచి ఆ తర్వాతే మర్దిస్తాను. కప్పులతో కాదు, తూకంతో. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను: కప్పులతో కాదు, తూకంతో.

ఓట్ ఫైబర్ దొరకనప్పుడు ఏం వాడాలన్నది మీ అసలు ప్రశ్న. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నమ్మకండి, ఎందుకంటే నేను నమ్మి రెండోసారి కూడా బోల్తా పడ్డాను. ఆ మఫిన్ల తర్వాత ఎవరో ఇసబ్గోల్ వాడమంటే, ఓట్ ఫైబర్ ఎంతో ఇసబ్గోల్ పొట్టు అంతే అనుకుని 30 గ్రాములు బ్రెడ్డులో వేశాను. ఓవెన్‌లోంచి వచ్చినది ఊదారంగు తిరిగిన రబ్బరు ముద్ద. కత్తి దిగలేదు, దిగాక బయటికి రాలేదు. నాన్నగారు ఈసారి ఏమీ అనకుండా మంచినీళ్ళ గ్లాసు మాత్రం దగ్గరికి జరుపుకున్నారు.

ఇసబ్గోల్ నీళ్ళు తగలగానే జిగురవుతుంది. ఓట్ ఫైబర్‌కు ఆ గుణం లేదు. గ్లూటెన్ లేని బ్రెడ్డులో పిండిని కట్టి నిలబెట్టడానికి ఇసబ్గోల్ అపురూపమైనది, కానీ ఓట్ ఫైబర్ స్థానంలో మూడో వంతు వేస్తే చాలు, తగ్గిన బరువును పిండితో పూరించాలి. గ్రాముకు గ్రాము మార్చుకోదగినది వెదురు పీచు, ఎందుకంటే అదీ రుచి లేని, కరగని పీచే. అప్పుడు కూడా నీళ్ళు కొద్దికొద్దిగా పోసుకుంటూ చూసుకోవాలి. గోధుమ తవుడు వాడితే రంగు, రుచి రెండూ మారతాయి. దాని పలుకులు పదునైనవి గనుక ముందుగా నానబెట్టాలి. అవిసె గింజల పొడిలో నూనె ఉంది కాబట్టి పద్ధతిలోని నూనెను కొంత తగ్గించుకోవాలి. కొబ్బరి పిండి నీటిని పీల్చడంలో ఓట్ ఫైబర్‌కు తోబుట్టువే గానీ, దానికి తీపి వాసన ఉంది, కేలరీలూ ఉన్నాయి. ఇన్యులిన్ అనే కరిగే పీచును ప్రత్యామ్నాయమని రాసేవారున్నారు. నా దృష్టిలో అది కానే కాదు: అది కరిగిపోతుంది, కొద్దిగా తియ్యగా ఉంటుంది, కొంత భాగాన్ని ఈస్ట్ తినేస్తుంది, మోతాదు మించితే కడుపు ఉబ్బుతుంది.

గ్లూటెన్ పడనివారికి వండేవారు ఒక్క క్షణం వినండి. ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం పొలంలోనూ మరలోనూ ఉంది. గ్లూటెన్ లేదని పరీక్షించి ముద్ర వేసిన ప్యాకెట్ తప్ప మరేదీ వారి కోసం తెరవకండి. ఇక్కడ పొరపాటుకు దాహంతో సరిపోదు.

పెద్దవారు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ 25 గ్రాములనూ ఒక్క బ్రెడ్డులోనే కూరాలని ఆరాటపడకండి. ఆ ఆరాటమే నా చేత సున్నం మఫిన్లు చేయించింది. కూరలూ పండ్లూ పప్పులూ ఉన్నాయి, బ్రెడ్డు తన వంతు మాత్రం ఇస్తే చాలు.

సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం వైపు చూస్తున్నారు. గుడ్డ తీస్తున్నాను. ఎడమవైపుది 30 గ్రాముల ఓట్ ఫైబర్‌తో చేసినది, కుడివైపుది 10 గ్రాముల ఇసబ్గోల్‌తో చేసినది. తినే ముందు ముక్కను వేలితో నొక్కి వదలండి. ఒకటి మెల్లగా లేస్తుంది, రెండోది వెంటనే ఎగిరి లేస్తుంది. పక్కనే మంచినీళ్ళు పెట్టించాను. బ్రెడ్డు బాగానే కుదిరింది, అయినా గ్లాసు కూడా తీసుకోండి.