పెట్టె అమ్మకం, ట్యూబు అమ్మకం

అందరికీ నమస్కారం. కోవిడ్ కాలంలో మెడికల్ పరికరాల కంపెనీలు ఎలా నడిచాయో చెప్పమన్నారు. అన్ని కంపెనీల సంగతీ చెప్తే ఒక్కటీ గుర్తుండదు. అందుకే ఒకే ఒక్క కంపెనీ లెక్కలు పట్టుకొచ్చాను. పేరు ఫిషర్ అండ్ పైకెల్ హెల్త్‌కేర్. ఊరు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్. ఐసీయూలో డ్యూటీ చేసినవాళ్ళు ఈ హాల్లో ఉంటే ఆ పేరు మెషీన్ మీద చూసే ఉంటారు.

1934లో మొదలైన దీని మాతృసంస్థ ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల కంపెనీ. అక్కడి నుంచి ఐసీయూలోకి ఎలా వచ్చిందంటే, మనం పీల్చే గాలిని ముక్కే వెచ్చబరిచి, తడి చేసి లోపలికి పంపుతుంది. గొంతులో గొట్టం వేశాక ఆ పని చేసే దిక్కుండదు. పొడిగాలికి కఫం గట్టిపడిపోతుంది. 1970 ప్రాంతంలో ఆక్లాండ్ ఆసుపత్రి ఐసీయూ డాక్టరు ఒకరు ఈ ఇబ్బందికి ఉపాయం వెతుకుతుంటే, గాలిని వెచ్చగా, తేమగా చేసే పరికరానికి మొదటి నమూనా తయారైంది. దేనితో చేశారనుకున్నారు? పండ్లు నిలవ చేసుకునే గాజు సీసాతో! మన ఇంట్లో అయితే ఆవకాయ జాడీ అనుకోండి. కంపెనీ ఐసీయూలో అడుగుపెట్టింది ఆ పరికరంతోనే. 2001లో వైద్య పరికరాల భాగం వేరే కంపెనీగా విడిపోయింది. ఫ్రిజ్‌ల భాగాన్ని తర్వాత చైనా కంపెనీ హయర్ కొనుక్కుంది.

ఇప్పుడు లెక్కలు. వాళ్ళకీ మనలాగే మార్చి 31తో సంవత్సరం ముగుస్తుంది. అన్నీ న్యూజిలాండ్ డాలర్లే. 2020 మార్చికి అమ్మకాలు 126 కోట్లు, లాభం దాదాపు 29 కోట్లు. ఏడాది తిరిగేసరికి అమ్మకాలు 197 కోట్లు, లాభం 52 కోట్లు. ప్రపంచమంతా షట్టర్లు దించిన ఏడాది అది.

ఆ డిమాండ్‌కి కారణం హై ఫ్లో. మామూలు ముక్కు గొట్టంతో నిమిషానికి నాలుగైదు లీటర్ల ఆక్సిజన్ ఇస్తాం. అంతకుమించితే ముక్కు ఎండిపోతుంది, రోగి పీకేసుకుంటాడు. అదే గాలిని వెచ్చగా, తేమగా ఇస్తే నిమిషానికి 60 లీటర్ల దాకా తట్టుకుంటాడు. హై ఫ్లో అంటే అదే. మొదట్లో చాలాచోట్ల ఊపిరి తగ్గగానే తొందరపడి వెంటిలేటర్ పెట్టేశారు. తర్వాత్తర్వాత, మెలకువగా ఉన్న రోగికి ముందు హై ఫ్లో ఇచ్చి చూద్దాం అన్న ధోరణి పెరిగింది. సీసాతో మొదలైన కంపెనీకి యాభై ఏళ్ళ తర్వాత అలా గిరాకీ వచ్చిపడింది.

ఒక చిన్న పక్కదారి. జంబో సిలిండర్‌లో, అంటే ఆసుపత్రుల్లో వాడే పెద్ద సిలిండర్‌లో, సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. అచ్చంగా ఆక్సిజనే నిమిషానికి 60 లీటర్లు పెడితే రెండు గంటలు కూడా రాదు. 2021 ఏప్రిల్ 22న మన విశాఖ నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో మహారాష్ట్రకి రైలు బయల్దేరిందే, ఆ రోజుల్లో వార్డులో ఉన్నవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. మెషీన్ కొనేటప్పుడు దాని ధర అడిగాం గానీ అది ఎంత ఆక్సిజన్ తాగుతుందో అడగలేదు.

సరే, అసలు కథ ఇక్కడుంది. 2022 మార్చితో ముగిసిన రెండేళ్ళలో కంపెనీ ఆసుపత్రులకి అమ్మిన మెషీన్ల విలువ దాదాపు 88 కోట్ల డాలర్లు. కోవిడ్‌కి ముందు అన్ని మెషీన్లు అమ్మాలంటే సుమారు పదేళ్ళు పట్టేది. వినగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ అమ్మేవాడి వైపు నుంచి ఆలోచించండి. పదేళ్ళ పెట్టెలు, అంటే మెషీన్లు, రెండేళ్ళలో అమ్మేస్తే మూడో ఏడు ఎవరు కొంటారు? ఈ వ్యాపారంలో పెట్టె ఒకసారే అమ్ముడవుతుంది. దానికి తగిలించే ట్యూబు, నీళ్ళ గిన్నె, ముక్కు గొట్టం మాత్రం రోగి మారినప్పుడల్లా కొత్తవి కావాలి. కన్స్యూమబుల్స్ అంటాం. మామూలు రోజుల్లో ఆసుపత్రుల వైపు రాబడిలో పెద్ద వాటా వీటిదే.

అనుకున్నట్టే జరిగింది. రెండో ఏడే, 2022 మార్చికే, అమ్మకాలు 168 కోట్లకి దిగాయి. 2023కి 158 కోట్లు, లాభం 25 కోట్లు. అంటే లాభం కోవిడ్ ముందటి ఏడాదికన్నా తక్కువ! రోగులు తగ్గారు. ముందుజాగ్రత్తగా కొని పెట్టుకున్న సరుకు ఆసుపత్రుల దగ్గరా, డిస్ట్రిబ్యూటర్ల దగ్గరా మిగిలిపోయింది. దానికి తోడు రవాణా ఖర్చు మండిపోయింది. దీన్ని నేను వైఫల్యం అనను. వచ్చే ఏళ్ళ అమ్మకాన్ని ముందే చేసుకున్న కంపెనీ లెక్క ఇలా కాక ఇంకెలా ఉంటుంది? 2021 లాభం చూసి, ఇక ప్రతి ఏడూ ఇంతే అని షేర్లు కొన్నవాళ్ళకి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

2025 మార్చికి అమ్మకాలు 202 కోట్లు. కోవిడ్ ఏడాదిని మళ్ళీ దాటడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈసారి కోవిడ్ ఊపు లేదు. ఆయాసంతో, న్యుమోనియాతో వచ్చే మామూలు రోగులకి కూడా హై ఫ్లో వాడండని డాక్టర్లకి, నర్సులకి నేర్పుతూ వచ్చారు. పాత పెట్టె దుమ్ము దులిపితేనే కొత్త ట్యూబు అమ్ముడవుతుంది మరి.

ఇది మన దగ్గర ఎలా ఉందో ఒక్క మాట. రెండేళ్ళ క్రితం ఒక ఆసుపత్రి స్టోర్ రూమ్‌కి వెళ్ళాను. ఏ ఊరో, మెషీన్లు ఏ కంపెనీవో ఇక్కడ అనవసరం. ఆరు హై ఫ్లో మెషీన్లు వరుసగా నిలబెట్టి మీద పాత దుప్పటి కప్పారు. ఒకదానికి అతికించిన కాగితం మీద చేత్తో "కండిషన్‌లో ఉంది" అని రాసుంది. ప్లగ్ పెట్టి చూశాను. నిజంగానే ఆన్ అయింది. మరి వార్డులో ఎందుకు లేవు అని స్టోర్ చూసుకునే ఆవిణ్ణి అడిగాను.

"మెషీన్లు డొనేషన్‌లో వచ్చాయి సార్. ట్యూబులు ఎవరిస్తారు?" అంది.