ఇసుకలోకి దిగిన పీతను కదపకండి

శ్రోతలకు నమస్కారం.

కిందటేడు ఏప్రిల్ నెలాఖరులో మా పై అంతస్తువాళ్లు హైదరాబాద్ వదిలి బెంగళూరు వెళ్లిపోతూ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి మా మనవరాలి చేతిలో పెట్టారు. అడుగున రంగు గులకరాళ్లు, ఓ మూల ఎండిపోయిన స్పాంజి ముక్క, మధ్యలో నీలం పెయింటు వేసిన చిన్న శంఖం. అందులో ఒక పీత. హెర్మిట్ క్రాబ్ అంటారు, సన్యాసి పీత అని కూడా అంటారు. మేం శంఖం పీత అనే పిలుచుకుంటాం. దాని కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. ఒక కాలు ఊడి రాళ్ల మీద పడివుంది. తాకినా లోపలికి ముడుచుకునే ఓపిక లేదు.

"అమ్మమ్మా, ఇది బతుకుతుందా?" అంది పిల్ల.

బతికింది. ఎలా బతికిందో చెబితే, ఇలాంటి ప్రాణిని కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు పనికొస్తుందని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ఈ పీత నేలమీద తిరుగుతుంది కానీ ఊపిరి పీల్చేది మొప్పలతోనే. ఆ మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. గాలిలో తేమ 80 శాతం దరిదాపుల్లో ఉంటే దానికి హాయి. మన హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం ఆ తేమ 30 శాతానికి కూడా పడిపోతుంది. పెదవులు పగిలే ఆ గాలిలో, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టిన పీతకు రోజురోజుకూ ఊపిరి అందకుండా పోతుంది. ఆకలి కన్నా ముందు దాన్ని చంపేది ఈ పొడి గాలే. ఏసీ గదిలో పెడితే మరీ ప్రమాదం.

అందుకని మొదట చేసింది ఇల్లు మార్చడం. పాత చేపల తొట్టి ఒకటి అటక మీద ఉంటే దించి కడిగాం. పైన అద్దం మూత. లోపల అయిదు పాళ్లు ఇసుక, ఒక పాలు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. కోకోపీట్ నర్సరీల్లో ఇటుకల్లా అమ్ముతారు, ఎరువులేవీ కలపనిది చూసి తీసుకోవాలి. ఇసుక దగ్గర మాత్రం జాగ్రత్త. మన దగ్గర ఇళ్లు కట్టేచోట ఇప్పుడు ఎక్కువగా దొరికేది రోబో ఇసుక, అంటే రాయిని పిండిగా కొట్టింది. దాని పలుకులు పదునుగా ఉంటాయి. ఏటి ఇసుక సంపాదించి నాలుగైదు నీళ్లు కడగండి. పిడికిట్లో నొక్కితే ముద్దకట్టేంత తడి చాలు, నీరు కారకూడదు. లోతు కనీసం 15 సెంటీమీటర్లు. ఎందుకంత లోతో తర్వాత చెబుతాను. తొట్టిలో వేడి 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకే కిటికీ ఎండకు దూరంగా, వంటింటి గోడ పక్కన నీడలో పెట్టాం. తేమ, వేడి రెండూ చూపించే చిన్న మీటరు ఒకటి కొన్నాం.

నీళ్లకు రెండు గిన్నెలు. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో ఉప్పునీళ్లు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి అక్వేరియం దుకాణంలో దొరికే క్లోరిన్ తీసే చుక్కలు వేశాకే పోయాలి. వంటింటి అయోడిన్ ఉప్పు వద్దు, సముద్రపు చేపలకు వాడే ఉప్పు అదే దుకాణంలో అడగండి, లీటరుకు సుమారు 35 గ్రాములు. గిన్నెలో ఎక్కి దిగడానికి రాళ్లు పెట్టండి. నేల పీత నీళ్లలో మునిగి బయటికి రాలేకపోతే చచ్చిపోతుంది.

ఇక దోమల సంగతి. సాయంత్రమైతే కాయిలో, గోడకు పెట్టే మందో మన ఇళ్లలో మామూలే. ఆ మందులు కీటకాలను చంపేవి. పీత కూడా కీటకాలకు దగ్గరి చుట్టమే, రెండూ కీళ్ల కాళ్ల జాతే. ఆ పొగ, ఆ ఆవిరి, బొద్దింకలకు గీసే సుద్ద, ఇవేవీ తొట్టి ఉన్న గదిలోకి రాకూడదు. మేం ఆ గదికి దోమతెర కట్టుకున్నాం.

ఇవన్నీ సర్దాక పీతను ఇసుక మీద పెట్టి, పైన పలచటి గుడ్డ కప్పి వదిలేశాం. స్నానం చేయించలేదు, అరచేతిలో పెట్టుకోలేదు. ప్రయాణంలో, పొడి డబ్బాలో నలిగిన పీతకు చీకటి, తేమ, నిశ్శబ్దం కావాలి. రాత్రిపూట తినడానికి పచ్చి కొబ్బరి ముక్క, ఉప్పు పోయేలా కడిగిన ఎండు రొయ్య, బొప్పాయి పెట్టి పొద్దున్నే తీసేసేవాళ్లం. పిట్టల పంజరాల్లో వేలాడదీసే సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క ఒకటి ఎప్పుడూ ఉంచాం, సున్నం కోసం. మూడు రోజులు ఏదీ ముట్టలేదు. నాలుగో పొద్దున కొబ్బరి మీద చిన్న గీతలు కనిపించాయి. ఆ పిల్ల ముఖం ఎలా వెలిగిందో మీకు చెప్పలేను.

పదో రోజున పీత మాయమైంది. ఇసుకలోకి దిగిపోయింది.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. చచ్చిపోయిందేమోనని తవ్వి తీస్తారు. పీత పెరగాలంటే ఒంటిమీది గట్టి పెంకు విడవాలి, అది ఇసుక లోపల, చీకట్లో జరుగుతుంది. కొత్త ఒళ్లు గట్టిపడేదాకా వేలితో కదిపినా దానికి గాయమే. నెల పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు. విడిచిన పెంకు అచ్చం చచ్చిన పీతలా ఉంటుంది, కానీ లోపల డొల్ల. దాన్ని పారేయకండి, పీత దాన్ని తినేస్తుంది. నిజంగా పోయిన పీత అయితే కుళ్లిన చేప వాసన వస్తుంది. ఆ వాసన లేనంతవరకు చేయి పెట్టకండి.

మా పిల్ల రోజూ తొట్టికి ముక్కు ఆనించి వాసన చూసేది. నేను మీటరు చూసి నీళ్లు చిలకరించేదాన్ని. మే గడిచింది, జూన్ గడిచింది. బోనాల డప్పులు వీధిలో మోగుతున్న ఆదివారం రాత్రి ఇసుక కదిలింది. పైకి వచ్చిన పీతకు, ఊడిపోయిన కాలు స్థానంలో గాజులాంటి చిన్న కాలు మొలిచివుంది.

తర్వాత, పెరిగిన పీత ఇల్లు మారడానికని నాలుగు ఖాళీ శంఖాలు ఉడకబెట్టి చల్లార్చి దాని ముందు పెట్టాం. నోరు గుండ్రంగా, దాని పెద్ద డెక్కకు సరిపోయేవి. రంగు పూసినవి పనికిరావు, ఆ పెచ్చులు ఊడి కడుపులోకి పోతాయి. అలాగని పాత శంఖంలోంచి పీతను లాగకూడదు. వదలదు, ఒళ్లు తెగిపోతుంది. దానంతట అది మారాలి.

ఈ పీతల పిల్లలు పుట్టేది సముద్రంలో. ఇళ్లలో పెంచి పిల్లలు చేయించడం చాలా అరుదు. కాబట్టి దుకాణంలో కనిపించేవన్నీ దాదాపుగా ఏదో ఒడ్డున పట్టి తెచ్చినవే. తోడు కావాలి కదా, ఇంకోటి కొందామని మనవరాలు అడిగింది. నిజమే, ఇవి గుంపుగా బతికేవి. అయినా కొనలేదు. పెంచలేక ఎవరైనా వదిలేసే పీత ఉంటే తెచ్చుకుందాం అన్నాను. విసిగిపోయి హుస్సేన్‌సాగర్‌లో వదిలేద్దామనుకునేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి, అక్కడ అది బతకదు. శ్రద్ధగా చూసుకునే ఇంకో ఇంటికి ఇవ్వండి. బాగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికే ప్రాణి అది.

శ్రావణంలో ఒక పొద్దున లేచేసరికి తొట్టి మూలన నీలం శంఖం ఖాళీగా పడివుంది. కొబ్బరి చిప్ప కింద గోధుమరంగు శంఖం ఒకటి మెల్లగా నడుస్తోంది. ఆ నీలం శంఖాన్ని మనవరాలు తన పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. ఇప్పుడు రాత్రి పది దాటి టీవీ కట్టేశాక, వంటింటి పక్కనుంచి అద్దానికి శంఖం తగిలే చప్పుడు వినబడుతుంది, టక్, టక్ మని. అది విన్నాకే పిల్ల పడుకుంటుంది.

సెలవు. నమస్కారం.