రిలీజ్ కాని బీరుకు బేరం: పూత మీద తోట కొన్నట్టేనా?

నమస్తే అండి, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. అమెరికాలో అరుదైన క్రాఫ్ట్ బీర్లను, అంటే కొద్ది మోతాదులో ప్రత్యేకంగా తయారుచేసే బీర్లను, సీసాకు సీసా మార్చుకుంటారు, సరే. "ఇంకా రిలీజే కాని బీరును మార్చుకోవడం ఏంటండీ, మోసం కాదా?" అని చాలామంది నన్ను అడుగుతున్నారు.

మోసం కాదండి. మన నూజివీడు వైపు మామిడి తోటలు పూత మీదే అమ్ముడుపోతాయి కదా. కాయ లేదు, పిందె కూడా లేదు. వ్యాపారి చెట్లు చూసి, లెక్క వేసుకుని అడ్వాన్స్ ఇస్తాడు. ఇదీ అలాంటిదే. షికాగోలో గూస్ ఐలాండ్ అనే బీరు కంపెనీ ఉంది. బోర్బన్ విస్కీ పీపాల్లో నెలల తరబడి మాగబెట్టిన బోర్బన్ కౌంటీ స్టౌట్ అనే నల్లటి, ఘాటైన బీరును ఏటా నవంబరులో, అక్కడి థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు విడుదల చేస్తుంది. అక్టోబరులోనే ఇద్దరు మాట్లాడేసుకుంటారు: "ఆ రోజు లైన్లో నిలబడి నీకొకటి తీసుకుంటా, నీ దగ్గరున్న వెర్మాంట్ రాష్ట్రం బీరు నాకు పంపు." ఇంకా సీసా లేదు, మాటే సరుకు.

నాకు మింగుడు పడనిది ధర. పూత మీద తోట చౌకగా పోతుంది. తేనెమంచు పురుగు పట్టొచ్చు, గాలివాన రావచ్చు. ఆ రిస్కంతా కొన్నవాడిది కాబట్టి ధర తగ్గించి అడుగుతాడు. బీరులో ఇది తిరగబడుతుంది. రిస్కూ కొనేవాడిదే, ఎక్కువ ఇచ్చేదీ అతనే! ఎన్ని సీసాలు వస్తాయో తెలీదు, రుచి తెలీదు, దొరకదేమో అన్న టెన్షన్ ఒక్కటే ఉంటుంది. ఆ టెన్షన్‌లో రెండు మూడు మంచి సీసాలు ఇచ్చేస్తారు. రిలీజయ్యాక చాలామంది చేతుల్లో కనిపించేసరికి విలువ తరచూ దిగిపోతుంది. తోట కొనే వ్యాపారి ఎవరైనా ఇలా చేస్తాడా?

పురుగు పట్టిన ఏడాది కూడా ఉంది. 2015 బోర్బన్ కౌంటీలో కొన్ని రకాల్లో లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా చేరి బీరు పుల్లబడింది. 2016లో కంపెనీ డబ్బు వాపసు ఇస్తామంది, ఆ తర్వాత పాశ్చరైజ్ చేయడం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ మార్పిడిలో తెచ్చుకున్నవాడి సంగతి? కంపెనీ సీసా ఖరీదు ఇస్తుంది. అతను బదులిచ్చిన సీసాలను అవతలివాడు ఎప్పుడో తాగేసి ఉంటాడు.

పైగా తోటైతే వెళ్లి చూడొచ్చు. ఇక్కడ కొందరికి చెట్టే ఉండదు. ఇండియానా రాష్ట్రంలో త్రీ ఫ్లాయిడ్స్ కంపెనీ వాళ్ల డార్క్ లార్డ్ అనే స్టౌట్ కోసం ముందు టికెట్ దొరకాలి. ఆ టికెట్ రాకముందే మాటిచ్చేవాళ్లున్నారు. అది తప్పు, నేను ఒప్పుకోను. అందుకే ఈ మార్పిడిలో పేరు ముఖ్యం: కొత్తవాడు ముందు పంపాలి, పేరున్నవాడు అది అందాక పంపుతాడు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. అమెరికా తపాలా శాఖ మందు పార్శిళ్లు తీసుకోదు. లైసెన్సు లేకుండా డబ్బుకు అమ్మడం చట్టవిరుద్ధం, అందుకే సీసాకు సీసా పద్ధతి. మన దగ్గర ఎక్సైజ్ చట్టాలు రాష్ట్రాలవి, బెజవాడ నుంచి కొరియర్‌లో పంపే ఆలోచన అసలు పెట్టుకోకండి. ఇక ఇలాంటి ఘాటైన స్టౌట్ ఏళ్లపాటు ఆగుతుంది. ఐపీఏ అనే చేదు బీరు ఆగదు, అందులో వేసే హాప్స్ పువ్వుల వాసన వారాల్లోనే తగ్గిపోతుంది. అమెరికాలో ఉన్న మీ బావో తమ్ముడో ఐపీఏకి ముందస్తు బేరం ఆడితే, క్యాన్‌లో నింపిన తేదీ, పార్శిల్ బయల్దేరే తేదీ రెండూ ముందే రాయించుకోమనండి.