తిరుపతిలో మిఠాయి దుకాణాలనూ మామూలు హోటళ్లనూ రుచి చూసే పద్ధతి

నమస్కారం. తిరుపతి నగరంలోని ఐస్‌క్రీమ్ పార్లర్లు, మిఠాయి దుకాణాలు, ఇంటిల్లిపాదీ వెళ్లి కూర్చోగలిగే మామూలు హోటళ్లు, వీటిలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలో, అక్కడ ఏమి అడిగి ఎలా రుచి చూడాలో ఈ వీడియోలో వివరిస్తాను. దుకాణాల పేర్లు మాత్రం చెప్పను. వంటమాస్టరు మారితే హోటల్ రుచి మారిపోతుంది కాబట్టి, ఈ రోజు నేను మెచ్చుకున్న ఫలూదా మీరు ఈ వీడియో చూసే నాటికి అక్కడ దొరకకపోవచ్చు. పేర్లకు బదులుగా ఏ దుకాణంలోనైనా పనికివచ్చే పరీక్షలను చూపిస్తాను.

మొదట ఈ ఊరి గిరాకీ సంగతి తెలుసుకోవాలి. 1130లో రామానుజాచార్యులవారు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించిన నాటి నుంచి తిరుపతి వచ్చిపోయేవారి ఊరే. రైల్వే స్టేషను, గోవిందరాజస్వామి ఆలయం, గాంధీ రోడ్డు పరిసరాల్లోని హోటళ్లలో కూర్చునేవారిలో చాలామంది ఒక పూట తిని కొండకు వెళ్లేవారు, లేదా కొండ దిగి రైలెక్కేవారు. రుచి నచ్చినా నచ్చకపోయినా వారు రేపు మళ్లీ రారు. అందువల్ల ఆ వీధుల్లో అసలు తినకూడదని మన ఊరివారే కొందరు చెబుతుంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. యాత్రికుల రద్దీ ఉన్నచోట ఇడ్లీ పిండి పులిసిపోయేదాకా మిగలదు, కాఫీ డికాక్షన్ పొద్దున తీసినది సాయంత్రందాకా నిలవదు, వడలు బాణలిలోంచి నేరుగా ఆకులోకి వస్తాయి. వేగంగా అమ్ముడుపోవడమే రుచికి ప్రాణమైన ఇడ్లీ, పొంగలి, వడ, కాఫీ వంటివాటిని తెల్లవారుజామున ఆ వీధుల్లోనే తినండి. ఓపికగా చేయవలసిన కుల్ఫీ, ఫలూదా, నాటుకోడి పులుసు, బిర్యానీ వంటివాటికి మాత్రం, పోయినవారం వచ్చినవారే ఈ వారం కూడా వచ్చే దుకాణం కావాలి. అటువంటివి ఎయిర్ బైపాస్ రోడ్డు, బాలాజీ కాలనీ వైపున ఎక్కువగా కనిపిస్తాయి.

దుకాణం ఏ రకానిదో తెలుసుకోవడానికి నాకు ఒక అలవాటు ఉన్నది. లోపలికి వెళ్లే ముందు రెండు నిమిషాలు బయట నిలబడి, గుండుకు గంధం పూసుకున్నవారు ఎందరు, చేతిలో హెల్మెట్ పట్టుకున్నవారు ఎందరు అని లెక్కపెడతాను. హెల్మెట్లు ఎక్కువగా ఉంటే అది ఊరివారు వచ్చే చోటు. స్టీలు క్యారియర్ తెచ్చి కూర కట్టించుకునేవారు కూడా కనబడితే ఇక సందేహించనవసరం లేదు. ఈ లెక్క మామూలు పనిదినం రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య సరిగ్గా తేలుతుంది, బ్రహ్మోత్సవాల రోజుల్లో తేలదు.

మాంసాహార హోటళ్లకు వెళ్లేవారు వారం కూడా చూసుకోవాలి. శనివారం స్వామివారి వారమని మాంసం ముట్టని కుటుంబాలు మన జిల్లాలో అనేకం ఉన్నాయి. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ వరకు, నెలంతా మానేసేవారు కూడా ఉన్నారు. గిరాకీ తగ్గిన రోజున నిన్నటి కూరను నేడు వేడి చేసి పెట్టే ప్రలోభం ఏ హోటల్‌కైనా కలుగుతుంది. అందువల్ల కొత్త మాంసాహార హోటల్‌ను మొదటిసారి చూడాలనుకుంటే ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లండి. రద్దీ ఉంటుంది, కూర్చోవడానికి కొంతసేపు ఆగవలసివస్తుంది, అయినా వండిన కూర అప్పుడే దిగి ఉంటుంది.

ఇక ఏమి అడగాలో చూద్దాం. మెనూ కార్డులో నలభై రకాలు ఉన్నప్పటికీ, మొదటిసారి దాపరికానికి వీలులేని వంటకాన్నే అడగాలన్నది నా పద్ధతి. సీమ భోజనం పెట్టే హోటల్‌లో అది రాగి సంకటి. బియ్యం మెత్తగా ఉడికిన తరువాత రాగిపిండి వేసి, తెడ్డుతో ఉండలు కట్టకుండా గెలికి దించిన సంకటి ముద్ద నునుపుగా మెరుస్తూ ఉంటుంది. తడివేలితో నొక్కితే గుంట పడాలి తప్ప వేలికి అంటుకోరాదు. అంటుకుంటే పిండి పచ్చిగా ఉన్నదని అర్థం, పైన పొర కట్టి బీటలు వారి ఉంటే వండి చాలాసేపయిందని అర్థం. ముద్దను కొద్దిగా తుంచి, నడుమ గుంట చేసి, పులుసులో ముంచి, నమలకుండా మింగడమే మన పక్క ఆనవాయితీ. నాటుకోడి విషయంలో ఒక్క సంగతి గమనించండి. మాంసం ఎముకను వదలడానికి కొంచెం మారాం చేయాలి, ఎముక గట్టిగా ఉండాలి. ముట్టుకోగానే ఎముక నుంచి జారిపోయే మాంసం బ్రాయిలర్‌ది అయ్యే అవకాశమే ఎక్కువ. పక్కన వేరుసెనగల ఊరిబిండి, అంటే రోటి పచ్చడి, ఇస్తారా అని తప్పక అడగండి. అడిగిన వెంటనే తెచ్చిపెడితే ఆ వంటింట్లో చిత్తూరు జిల్లావారు ఎవరో ఉన్నారని నేను సంతోషిస్తాను. ఇది పరీక్ష కాదు, నా పక్షపాతం.

ఇప్పుడు తీపి సంగతికి వద్దాం. ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చేయకుండా ఉండాలని ముందుగా చెబుతున్నాను. ఈ వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో ఒక ఆదివారం సంకటీ నాటుకోడీ తిని, నోరు ఇంకా మండుతుండగానే మిత్రులతో కలిసి ఒక డెజర్ట్ దుకాణానికి వెళ్లి నాలుగు రకాలు తెప్పించాను. నాలుగూ ఒకే విధంగా చల్లగా, తియ్యగా అనిపించాయి తప్ప ఏది ఏదో తెలియలేదు. కారానికి మండిన నాలుక తీపిలోని తేడాలను పట్టలేదు. మిరప కారం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, పైగా పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఆ కారాన్ని నాలుక మీద నుంచి కడిగివేస్తుంది. అందుకే మంట తగ్గించుకోవడానికి మంచినీళ్లకంటె గ్లాసెడు మజ్జిగ మేలు. మంట తగ్గించుకోవడం వేరు, దుకాణాన్ని అంచనా వేయడం వేరు కనుక, తీపి దుకాణానికి వేరే సాయంత్రం కేటాయించండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి, రెండే రకాలు తెప్పించి, నాలుగు చెంచాలు అడగండి.

ఐస్‌క్రీమ్ పార్లర్‌లో దాపరికానికి వీలులేనిది వెనీలా. చాక్లెట్టూ బటర్‌స్కాచూ పాల నాణ్యతను కప్పివేస్తాయి, వెనీలా కప్పలేదు. గిన్నె రాగానే తినకుండా రెండు మూడు నిమిషాలు ఆగండి. చల్లదనం వల్ల నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, అందుకే ఐస్‌క్రీమ్‌లో చక్కెర ఎక్కువ వేస్తారు. కాస్త కరిగిన తరువాత రుచి చూస్తే అసలు ఎంత చక్కెర వేశారో, పాల రుచి ఎంత మిగిలిందో బయటపడుతుంది. నోట్లో పెట్టుకున్నప్పుడు మంచుపలుకులు పంటికింద కరకరమంటే, అది చాలావరకు ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకు. కరిగినప్పుడు విడిపోయిన నీరు తిరిగి గడ్డకట్టేటప్పుడు పెద్ద పలుకులుగా మారుతుంది. ఎండాకాలంలో కరెంటు పోయి ఫ్రీజర్ ఆగిపోయిన మరుసటి రోజు ఇది మరీ ఎక్కువ. ఒక దుకాణంలో ఈ సంగతి అడిగితే, “ఈ రకం ఇట్లే ఉంటుంది సార్” అని గల్లా దగ్గర కూర్చున్నాయన నమ్మకంగా చెప్పారు. నేను మరోసారి వెళ్లలేదు.

ఇంకొక తేడా డబ్బా మీదనే రాసి ఉంటుంది. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీమ్ అనే పేరు పెట్టాలంటే కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. పాలకొవ్వుకు బదులు వంటనూనె కొవ్వు వాడినదానిని ఫ్రోజెన్ డెజర్ట్ అనాలి. నూనె కొవ్వుతో చేసినది చెడ్డదని నేను అనను. ధర తక్కువ అయితే పిల్లలకు అదే కొనిపెడతాను. కాని ఐస్‌క్రీమ్ ధర తీసుకుని ఫ్రోజెన్ డెజర్ట్ పెట్టడం సరికాదు. డబ్బా చూపించమని మర్యాదగా అడగవచ్చు. కుల్ఫీకి ఈ చిక్కు అంతగా ఉండదు. పాలను మరిగించి చిక్కబరిచి, గాలి చిలకకుండా అచ్చులో పోసి గడ్డకట్టిస్తారు కాబట్టి అది బరువుగా ఉంటుంది, ఆలస్యంగా కరుగుతుంది. పుల్ల మీద నుంచి గబగబా కారిపోయే కుల్ఫీలో పాలు సరిగా మరగలేదన్నమాట.

మామిడి లేకుండా మన ప్రాంతపు తీపి కథ పూర్తికాదు. చిత్తూరు ప్రాంతంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటికి వెళ్లేది ప్రధానంగా తోతాపురి. ఇంట్లో కోసుకుని తినడానికి మనం బేనీషా, అంటే బంగినపల్లి, కొనుక్కుంటాం. మే నుంచి జులై వరకు మామిడి మిల్క్‌షేక్ అడిగేటప్పుడు, “పండు కోసి వేస్తారా, గుజ్జు వేస్తారా?” అని అడగండి. డిసెంబరులో గుజ్జు వేశామని చెప్పేవారిని నేను గౌరవిస్తాను, డిసెంబరులో తాజా పండు అని చెప్పేవారిని నమ్మను. గుజ్జుతో చేసినదానిలో తోతాపురి పులుపు కొంచెం నాలుకకు తగులుతుంది. తీపీ వాసనా మాత్రమే ఉండి ఆ పులుపు ఏమాత్రం లేకపోతే ఎసెన్స్ వేశారేమోనని అనుమానించవచ్చు. ఐస్‌క్రీమూ మిల్క్‌షేకూ వద్దనుకునే రోజున సోడాలో నన్నారి, అంటే సుగంధిపాల వేళ్ల షర్బత్తు, పోయించుకుని, నిమ్మకాయ పిండించుకోండి.

ఇక్కడ అమ్మేది తిరుపతి లడ్డూయేనా అని మిఠాయి దుకాణాల్లో యాత్రికులు తరచు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. తిరుపతి లడ్డూ పేరుకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది, ఆ పేరు తిరుమల తిరుపతి దేవస్థానానిది. వీధిలో ఆ పేరుతో ఏదైనా అమ్ముతుంటే అది ప్రసాదం కాదు, బూందీ లడ్డూ మాత్రమే. బూందీ లడ్డూగానే దానిని రుచి చూడండి. వేళ్లతో చిదిమితే పూసలు విడివిడిగా రాలాలి, చేతికి నెయ్యి వాసన మిగలాలి. విడిగా అమ్మే మిఠాయిల తట్టల దగ్గర ఏ తేదీలోపు తినాలో రాసి పెట్టాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి ఉన్నది. కోవా మిఠాయి కొనేటప్పుడు ఆ చీటీ చూడకుండా కట్టించుకోవద్దు.

చివరగా బిల్లు. మామూలు హోటల్‌లో జీఎస్టీ 5 శాతమే. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండాలి. సర్వీసు చార్జి అని వేరే వరుస కనిపిస్తే, దానిని మనల్ని అడగకుండా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. తీసివేయమని చెప్పండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వడ్డించిన కుర్రవాడు చక్కగా చూసుకుంటే అతని చేతికే నేరుగా ఏదైనా ఇవ్వండి.

ఇంటికి వెళ్లిన తరువాత కాదు, బిల్లు కట్టిన వెంటనే, ఏ వారం, ఏ వేళ, ఏమి తిన్నారు, ఎంత అయింది అని ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు అదే వంటకాన్ని మరో వేళకు తెప్పించండి. ఆదివారం మధ్యాహ్నం మెరిసిన సంకటి బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వేలికి అంటుకోకుండా ఉంటే, మూడోసారి ఇంట్లో పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లండి.