తెలుగు డబ్బాలుగా కనిపించిన రోజుల్లో: నోకియా 5233లో ఓపెరా మినీ

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ అంతా ఒకే ఫోన్, ఒకే బ్రౌజర్ మీద. ఫోన్ నోకియా 5233, మన దగ్గర 2010లో ఎవరి చేతిలో చూసినా కనిపించేది. 3.2 అంగుళాల టచ్ స్క్రీన్, సింబియన్ ఆపరేటింగ్ సిస్టమ్, 128 ఎంబీ ర్యామ్. వైఫై లేదు, 3జీ లేదు, ఎడ్జ్ అనే నెమ్మది 2జీ నెట్‌తోనే నెట్టుకురావాలి. బ్రౌజర్ ఏమో ఓపెరా మినీ. అన్నా, ఫోన్‌లో నోకియావాళ్ల బ్రౌజర్ ఉండగా ఇంకోటి వేసుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

గెస్ట్: డబ్బులు, తెలుగు. ఈ రెండూ. ముందు డబ్బుల సంగతి చెప్తాను. నెట్ ప్యాక్ వేయించుకోకపోతే 10 కేబీకి 10 పైసలు లెక్కన కోసే ప్లాన్ ఒకటి తీసుకుందాం. అంటే 1 ఎంబీకి 10 రూపాయల 24 పైసలు. 500 కేబీ ఉన్న పేజీ ఒకటి తెరిస్తే ఐదు రూపాయలు పోయినట్టే. ఫోన్‌లోని బ్రౌజర్ వెబ్‌కిట్ అనే ఇంజిన్ మీద కట్టింది, మంచిదే, కానీ పేజీ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు దించుకుంటుంది. ఓపెరా మినీ అలా కాదు. మనం అడిగిన పేజీని ముందు ఓపెరా సర్వర్ తెచ్చుకుంటుంది. అక్కడే పేజీని పేర్చి, బొమ్మలు కుదించి, తన సొంత ఫార్మాట్‌లో ఫోన్‌కి పంపుతుంది. 90 శాతం దాకా తగ్గుతుందని ఓపెరావాళ్లు చెప్పేవాళ్లు. బొమ్మలు ఎక్కువున్న పేజీల్లో ఆ తేడా బ్యాలెన్స్‌లో తెలిసిపోయేది.

హోస్ట్: అంటే ఫోన్‌లో ఉన్నది సగం బ్రౌజరే.

గెస్ట్: సగం కూడా కాదు. చూపించే పని ఫోన్‌ది, మిగతా అంతా సర్వర్‌ది. 2005లో నార్వేలో టీవీ 2 అనే ఛానల్‌తో కలిసి మొదలుపెట్టారు, 2006 జనవరిలో ప్రపంచమంతా వదిలారు. మామూలు జావా ఫోన్లలో కూడా నడవాలన్నదే దాని ఉద్దేశం. ఈ ఏర్పాటు మనసులో పెట్టుకుంటే ఇప్పుడు చెప్పబోయే తిప్పలన్నిటికీ కారణం దొరుకుతుంది.

హోస్ట్: సరే, వేసుకోవడం దగ్గర మొదలుపెడదాం.

గెస్ట్: రెండు రకాలు ఉండేవి. జావాది ఒకటి, ఆ తర్వాత సింబియన్ కోసమే చేసిన ఎస్ఐఎస్ఎక్స్ ఫైల్ ఒకటి. 5233కి దొరికితే రెండోదే మేలు. జావా దాంట్లో జాడ్, జార్ అని రెండు ఫైళ్లు వస్తాయి. జాడ్ చిన్న టెక్స్ట్ ఫైల్. యాప్ పేరు, వెర్షన్, జార్ ఏ అడ్రస్‌లో ఉంది, అది ఎన్ని బైట్లు అన్నది అందులో ఉంటుంది. ఫోన్ నెట్‌లోంచి నేరుగా దించుకుంటే ముందు జాడ్ చదివి, ఆ తర్వాత జార్ తెచ్చుకుంటుంది. రాసిన సైజు ఒకటి, వచ్చిన సైజు ఇంకోటి అయితే ఇన్‌స్టాల్ చేయదు. ఎడ్జ్ మధ్యలో తెగితే జరిగేది ఇదే. అప్పుడు కంప్యూటర్‌లో జార్ ఒక్కటే దించుకుని బ్లూటూత్‌లో పంపితే సరిపోయేది. అది మెసేజింగ్ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది, గ్యాలరీలో వెతికితే దొరకదు. ఇన్‌బాక్స్‌లో దాన్ని తెరిస్తే ఇన్‌స్టాల్ మొదలవుతుంది. ఎక్కడ పెట్టాలి అని అడిగితే ఫోన్ మెమరీ అనాలి. కార్డులో పెడితే, కార్డు తీసినప్పుడల్లా యాప్ మాయమవుతుంది.

హోస్ట్: సర్టిఫికెట్ ఎర్రర్ అని చాలామందికి వచ్చేది.

గెస్ట్: అది ఎక్కువగా ఎస్ఐఎస్ఎక్స్‌తో. సింబియన్ యాప్‌కి సంతకం ఉండాలి, ఆ సంతకానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. బ్యాటరీ తీసి చాలాకాలం పక్కన పడేసిన ఫోన్‌లో తేదీ ఏళ్లు వెనక్కి పోయి ఉండొచ్చు. అప్పుడు సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు అనుకుంటుంది ఫోన్. లేదా నిజంగానే గడువు దాటిపోయి ఉంటుంది. రెండిటికీ మందు ఒకటే. తేదీని ఆ గడువు లోపలికి మార్చి, ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ సరిచేసుకోవడం. దానితోపాటు సెట్టింగ్స్‌లో అప్లికేషన్ మేనేజర్, అందులో ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఆన్‌లైన్ సర్టిఫికెట్ చెక్ ఆఫ్‌లో పెట్టాలి. నెట్ సరిగ్గా లేనప్పుడు ఆ చెక్ దగ్గరే ఆగిపోతుంది మరి.

హోస్ట్: ఇన్‌స్టాల్ అయింది. తెరిస్తే కనెక్టింగ్, కనెక్టింగ్ అంటూ అక్కడే ఉంటుంది.

గెస్ట్: యాక్సెస్ పాయింట్ తప్పు, అంటే సిమ్ కంపెనీ నుంచి నెట్‌లోకి వెళ్లే దారి. చాలా సిమ్‌లకి రెండుండేవి. ఒకటి కంపెనీ సొంత పోర్టల్ కోసం పెట్టిన వ్యాప్ పాయింట్, ఇంకోటి అసలు ఇంటర్నెట్. వ్యాప్ దారిలో ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ ఒకటి ఉంటుంది, అది మామూలు వెబ్ ట్రాఫిక్‌నే పోనిస్తుంది. ఓపెరా మినీ మొదట సాకెట్ అనే నేరు కనెక్షన్‌తో 1080 నంబరు పోర్టులో తన సర్వర్‌ని పలకరిస్తుంది. ప్రాక్సీ దగ్గర అది ఆగిపోతుంది. ఫోన్ బ్రౌజర్‌లో మాత్రం కంపెనీ పోర్టల్ చక్కగా తెరుచుకుంటుంది. దాంతో నెట్ బాగానే ఉంది, ఓపెరాయే పాడైందనుకుంటారు.

హోస్ట్: మార్చుకోవడం ఎలా?

గెస్ట్: సెట్టింగ్స్, కనెక్టివిటీ, డెస్టినేషన్స్, ఇంటర్నెట్. అక్కడ కొత్త యాక్సెస్ పాయింట్ పెట్టుకోవాలి. అప్పట్లో ఎయిర్‌టెల్ అయితే యాక్సెస్ పాయింట్ పేరు దగ్గర ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, వొడాఫోన్‌కి మూడు డబ్ల్యూలు, ఐడియాకి ఇంటర్నెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్, అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ప్రాక్సీ అడ్రస్, మూడూ ఖాళీ. ప్రాక్సీ మాత్రం పైకి కనిపించదు, ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. పాత నంబరు అక్కడ మిగిలిపోయిందేమో చూసి చెరిపేయాలి. అప్పటికీ కుదరకపోతే ఓపెరా మినీ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి ప్రోటోకాల్‌ని సాకెట్ నుంచి మామూలు వెబ్ పేజీలు వాడే హెచ్‌టీటీపీకి మార్చాలి. కాస్త నెమ్మదిస్తుంది, కానీ 80 పోర్టులో పోతుంది కాబట్టి దాటుకుపోతుంది.

హోస్ట్: జావా వెర్షన్ వేసినవాళ్లకి స్క్రీన్ సగం కీప్యాడే ఉండేది. పేజీ పైన ఇంత ముక్క కనిపించేది.

గెస్ట్: అవును, దాంతో విసిగిపోయి తీసేసినవాళ్లు ఎందరో. అది ఓపెరా తప్పు కాదు. జావా యాప్ అంటే మీటలున్న ఫోన్ కోసం రాసిందని సింబియన్ అనుకుంటుంది, అందుకని స్క్రీన్ మీద ఒక కీప్యాడ్ గీసి పెడుతుంది. అప్లికేషన్ మేనేజర్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్, అందులో ఓపెరా మినీ ఎంచుకుని ఆప్షన్స్‌లో సెట్టింగ్స్ తెరిస్తే ఆన్‌స్క్రీన్ కీప్యాడ్ అని ఉంటుంది. ఆఫ్ చేస్తే పేజీ స్క్రీన్ నిండా వస్తుంది. అక్కడే నెట్‌వర్క్ యాక్సెస్ కూడా ఉంటుంది. ప్రతిసారీ అనుమతి అడగకుండా ఒక్కసారే అడిగేట్టు పెట్టుకోవచ్చు. సంతకం లేని జార్ అయితే ఎప్పటికీ అడగొద్దు అనే వీలు అసలు ఉండదు. ఫ్రీ నెట్ వస్తుందని మార్చిన ఓపెరా మినీలు తిరిగేవి చూడు, హ్యాండ్లర్ అనేవాళ్లు, వాటికి ఓపెరా సంతకం ఉండదు. మన పేజీలన్నీ ముక్కూమొహం తెలియనివాడి ప్రాక్సీ గుండా పోయేట్టు వాటిలో పెట్టొచ్చు. వాటి జోలికి పోకూడదు.

హోస్ట్: ఇక అసలు సంగతి. తెలుగు.

గెస్ట్: ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి, ప్రతి కోడ్‌కీ ఒక డబ్బా. స్త్రీ అనే అక్షరం తీసుకో. చూడ్డానికి ఒక్కటే. యూనికోడ్‌లో, అంటే అక్షరాలకి కోడ్ నంబర్లిచ్చే పద్ధతిలో, మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం 6 కోడ్లు. తెర మీద 6 డబ్బాలు. పోనీ మెమరీ కార్డులో ఒక ఫాంట్ ఫైల్ పడేస్తే సరిపోదా అని చాలామంది చూశారు. ఫాంట్ ఉన్నంత మాత్రాన స కింద త వొత్తు, ర వొత్తు వాటంతట అవి కూర్చోవు. వాటిని కలిపి ఎక్కడ ఏది పెట్టాలో లెక్కగట్టే ప్రోగ్రామ్ ఫోన్‌లోనే ఉండాలి. అది లేకపోతే పొల్లులు విడివిడిగా, గుడులు పక్కకి జరిగి, చదవడానికి వీల్లేకుండా వస్తాయి.

హోస్ట్: ఓపెరా మినీ దాన్ని ఎలా దాటింది?

గెస్ట్: సర్వర్ దగ్గర ఫాంటూ ఉంది, ఆ లెక్కలు కట్టే ప్రోగ్రామూ ఉంది. అక్షరాలన్నీ అక్కడే సరిగ్గా పేర్చి, చిన్న చిన్న బొమ్మలుగా చేసి ఫోన్‌కి పంపుతుంది. ఫోన్‌కి తెలుగు రావాల్సిన పనే లేదు, బొమ్మ చూపించగలిగితే చాలు. కాకపోతే ఆ సదుపాయాన్ని మామూలు సెట్టింగ్స్‌లో పెట్టలేదు.

హోస్ట్: విడమర్చి చెప్పన్నా, వినేవాళ్లకి స్పెల్లింగ్‌తో సహా.

గెస్ట్: అడ్రస్ బార్ తాకాలి. అందులో ముందే ఏమున్నా, మూడు డబ్ల్యూలైనా హెచ్‌టీటీపీ అయినా, మొత్తం చెరిపేయాలి. ఓ, పీ, ఈ, ఆర్, ఏ, ఆ వెంటనే కోలన్, ఆ వెంటనే సీ, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జీ. మధ్యలో గానీ చివర గానీ ఖాళీ ఉండకూడదు. పదాలు ఊహించి వేసే ప్రిడిక్షన్ ఆన్‌లో ఉంటే అదే ఒక స్పేస్ వేసేస్తుంది, ఆఫ్ చేసుకోవాలి. కోలన్ కనబడకపోతే నక్షత్రం మీట నొక్కితే గుర్తుల జాబితా వస్తుంది. ఓకే అంటే పవర్ యూజర్ సెట్టింగ్స్ అనే పేజీ తెరుచుకుంటుంది. కిందికి పోతే యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్, అంటే క్లిష్టమైన లిపులకి బొమ్మ అక్షరాలు వాడు, అని ఉంటుంది. నో అన్నదాన్ని యెస్ చేసి, సేవ్ నొక్కాలి. సేవ్ మరిచిపోయి వెనక్కి వచ్చేస్తే ఏమీ మారదు. ఆ పేజీకి బదులు వెతుకులాట ఫలితాలు వచ్చాయంటే ముందున్న డబ్ల్యూలు చెరపలేదని అర్థం.

హోస్ట్: సేవ్ చేశాక కూడా డబ్బాలే కనిపిస్తే?

గెస్ట్: అంతకుముందు తెచ్చుకున్న పేజీ అది. రీలోడ్ కొట్టాలి, సర్వర్ మళ్లీ కొత్తగా పేర్చి పంపాలి కదా. పేజీలో తెలుగు వచ్చేసినా పైన శీర్షికలోనూ బుక్‌మార్క్‌ల పేర్లలోనూ డబ్బాలే ఉంటాయి. వాటిని గీసేది ఫోన్, సర్వర్ కాదు. బుక్‌మార్క్ పెట్టేటప్పుడే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక. ఇంకొకటి, ఫాంట్ సైజు స్మాల్‌లో ఉంటే వొత్తులు అలుక్కుపోతాయి. మీడియమ్ కన్నా తగ్గించకూడదు. మొబైల్ వ్యూ ఆన్ చేస్తే పేజీ అంతా ఒకే వరుసలో వస్తుంది, పక్కలకి జరుపుకోనక్కర్లేదు. వికీపీడియా వ్యాసంలాంటి పొడుగు పేజీలకి అదే హాయి.

హోస్ట్: డేటా పెరుగుతుంది కదా?

గెస్ట్: పెరుగుతుంది. అక్షరాలు కూడా బొమ్మలే అయ్యాయి కాబట్టి పేజీ కాస్త ఆలస్యంగానూ వస్తుంది. అందుకే ఇంగ్లిష్ మాత్రమే చదివేవాళ్లకి ఇది అక్కర్లేదు. తెలుగు వాక్యాన్ని కాపీ చేయడం కూడా కుదరదు, అక్కడున్నది బొమ్మ.

హోస్ట్: కొన్ని పత్రికల సైట్లు ఇది పెట్టినా పిచ్చి గీతల్లాగే కనిపించేవి.

గెస్ట్: అవి యూనికోడ్ కావు. అప్పటి దినపత్రికల సైట్లలో కొన్ని సొంత ఫాంట్లు వాడేవి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి నడిపేవాళ్లు. సర్వర్‌కి అది తెలుగని తెలిసే దారే లేదు. కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చేది, ఫోన్‌లో ఆ వీలు లేదు. తెలుగు వికీపీడియా, యూనికోడ్‌లో రాసిన బ్లాగులు మాత్రం చక్కగా వచ్చేవి.

హోస్ట్: రాయడం సంగతి?

గెస్ట్: కుదరదు. ఇంగ్లిష్ మీటలు కొడుతుంటే తెలుగయ్యే సైట్లు ఒక్కో అక్షరానికీ జావాస్క్రిప్ట్ నడిపిస్తాయి. ఓపెరా మినీలో జావాస్క్రిప్ట్ నడిచేది సర్వర్‌లో, ఫోన్‌లో కొట్టే ప్రతి మీటా అక్కడికి వెళ్లదు. ఇదే కారణానికి చాట్ పేజీలు, దానంతట అదే మారే స్కోర్ పేజీలు కూడా కదలకుండా ఉంటాయి, రీలోడ్ చేసుకోవాల్సిందే.

హోస్ట్: బ్యాంకు పనులు?

గెస్ట్: ఓపెరా మినీలో చేయకూడదు. తాళం గుర్తు కనిపించినా ఎన్‌క్రిప్షన్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఫోన్ నుంచి సర్వర్ వరకు ఒకటి, సర్వర్ నుంచి బ్యాంకు వరకు ఇంకొకటి. మధ్యలో సర్వర్ దగ్గర అది విప్పబడుతుంది, విప్పకపోతే పేజీని పేర్చలేదు. పాస్‌వర్డ్ కొట్టే పని ఏదున్నా ఫోన్‌లోని అసలు బ్రౌజర్‌లోనో, నేరుగా సైట్‌తో మాట్లాడే ఓపెరా మొబైల్‌లోనో చేసుకోవాలి.

హోస్ట్: ఆండ్రాయిడ్ వచ్చాక ఈ అవసరం తీరిందా?

గెస్ట్: వెంటనే తీరలేదు. గూగుల్ ఆండ్రాయిడ్‌లో తెలుగుకి చోటు దొరికింది 2012లో, 4.1తో. అంతకుముందు 2.2, 2.3 ఫోన్లలో తయారీదారు తనంతట తాను చేర్చకపోతే మళ్లీ డబ్బాలే. అక్కడా ఓపెరా మినీ వేసి ఇదే కాన్ఫిగ్ కొట్టి చదివారు జనం.

హోస్ట్: ఇప్పుడు అటక మీంచి 5233 దించాలనుకునేవాళ్లకి?

గెస్ట్: ముందు సిమ్ చూసుకోవాలి. ఇది 2జీ ఫోన్, జియో సిమ్ పనిచేయదు, ఆ నెట్‌వర్క్‌లో 2జీ లేదు. సిమ్ కూడా పాత పెద్ద సైజుది పడుతుంది, చిన్నదైతే అడాప్టర్ కావాలి. ఇప్పటి సైట్ల సర్టిఫికెట్లు, కొత్త ఎన్‌క్రిప్షన్ ఫోన్‌లోని బ్రౌజర్‌కి తెలియవు కాబట్టి అది చాలా సైట్ల దగ్గర గుమ్మంలోనే ఆగిపోతుంది. ఓపెరా మినీకి ఆ పని సర్వర్ చేసిపెడుతుంది, ఆ సర్వర్ పలికినంత వరకే. అప్పట్లో సేవ్‌డ్ పేజెస్‌లో దాచుకున్నవి ఏమైనా ఉంటే ఫోన్ రీసెట్ కొట్టకుండా ముందు వాటిని తెరిచి చూడండి. సర్వర్ పంపిన రూపంలోనే అందులో ఉంటాయి, బిట్‌మ్యాప్ పెట్టుకుని దాచినవైతే నెట్ లేకుండానే తెలుగు చదువుకోవచ్చు.