రేసింగ్ సినిమా పిల్లలకి చూపించొచ్చా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

(పిల్లల మానసిక వైద్యురాలితో జరిగిన ఫోన్-ఇన్ నుంచి కొంత భాగం. ఫోన్ చేసినవారి పేర్లు తీసేశాం.)

వ్యాఖ్యాత: లైన్లో మరో శ్రోత ఉన్నారు. హలో, చెప్పండి.

తల్లి: హలో... హలో... వినబడుతోందా అండీ?

వ్యాఖ్యాత: వినబడుతోందమ్మా. మీ రేడియో కాస్త తగ్గించండి, మీ గొంతే మళ్ళీ మాకు తిరిగొస్తోంది.

తల్లి: ఆఁ, తగ్గించాను. నమస్తే డాక్టర్ గారూ. మా బాబుకి ఎనిమిదేళ్ళు, కార్లంటే ప్రాణం. వాళ్ళ నాన్న 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' చూపిస్తానంటున్నారు. దానికి పీజీ-13 అని ఉంది. ఆయనేమో "అందులో రక్తం లేదు, అసభ్యం లేదు, కార్లే కదా" అంటారు.

డాక్టర్: నమస్తే అమ్మా. పీజీ-13 అమెరికా వాళ్ళ లెక్క, 1984లో పెట్టారు. పదమూడు నిండని పిల్లలకి కొన్ని సరిపడకపోవచ్చు, అమ్మానాన్నలు బాగా ఆలోచించుకోండి అని దాని భావం. చూడనే కూడదని కాదు. ఆ గుర్తు పక్కనే కారణం కూడా రాస్తారు. ఈ సినిమాకి రాసింది దురుసు మాటలు, ప్రమాదకర సన్నివేశాలు, అంతే. అంతవరకు మీవారు చెప్పింది సరైనదే. ఇంతకీ ఆ కథ ఎలా ముగుస్తుందో తెలుసా మీకు?

తల్లి: గెలుస్తారేమోనండీ చివరికి.

డాక్టర్: ముగింపు తెలియకుండా చూద్దామనుకునేవాళ్ళు ఒక్క నిమిషం చెవులు మూసుకోండి. 1966లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్ 24 గంటల కార్ల రేసు కథ అది. అందులో పోటీ చేసిన కెన్ మైల్స్ అనే డ్రైవరు ఆ రేసు జరిగిన రెండు నెలలకి, ఆగస్టులో, కొత్త కారుని పరీక్షిస్తూ చనిపోయాడు. నిజంగా జరిగింది. సినిమాలో ఆయనకో కొడుకుంటాడు. తండ్రి పక్కన కూర్చుని కబుర్లు చెప్పించుకునే పిల్లాడు. మీవారు ఆ సినిమాలో కార్లు చూస్తారు. మీ బాబు ఆ పిల్లాణ్ణి చూస్తాడు.

తల్లి: అయ్యో.

డాక్టర్: సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు రక్తం ఎంతుంది, తిట్లు ఎన్ని ఉన్నాయి అని చూస్తారు, అది వాళ్ళ పని. ఎనిమిదేళ్ళవాడు చూసేది నాన్న ఇంటికొచ్చాడా లేదా అని. మర్నాడు పొద్దున మీవారు తాళంచెవులు తీసుకోగానే వాడొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడితే, ఎందుకో మీకెవరికీ అర్థం కాదు.

తల్లి: అయితే వద్దనేయమంటారా?

డాక్టర్: నేనైతే ఇంకో రెండు మూడేళ్ళు ఆగుతాను. ఆగలేమంటారా, మీవారు ముందు ఒక్కరే కూర్చుని చివరిదాకా చూడాలి. ఆ తర్వాత బాబుకి ముందుగానే చెప్పేయాలి, "ఆయన చివర్లో చనిపోతాడు నాన్నా" అని. మజా పోతుందని బెంగపడకండి. ఏం రాబోతోందో తెలిసినప్పుడు పిల్లలు చాలా వాటిని తట్టుకుంటారు.

వ్యాఖ్యాత: మా ఇంట్లో అయితే ముగింపు చెప్పేసినందుకు వారంపాటు మాటల్లేకుండా పోతాయి. (నవ్వు) సరే, తర్వాతి కాలర్. నమస్కారం సార్.

తండ్రి: నమస్కారం. మావాడికి పద్నాలుగేళ్ళండీ. 'రష్' చూస్తానని పట్టుబట్టాడు. నేను ఇదివరకే చూశాను. పడకగది సీన్లు ఉన్నాయి. ఆ ఆసుపత్రి సీనైతే నేనే తల తిప్పుకున్నాను.

డాక్టర్: దానికి అమెరికాలో 'ఆర్', అంటే పదిహేడు నిండనివాళ్ళు పెద్దల తోడుతోనే చూడాలి, బ్రిటన్‌లో 15, అంటే పదిహేను నిండినవాళ్ళకే. పడకగది సీన్ల దృష్ట్యా ఇప్పటికి వద్దనే అంటాను. ఆసుపత్రి సీను మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు సార్.

తండ్రి: అదేంటండీ? అదే కదా ఘోరం!

డాక్టర్: అందులో చూపించిన నికీ లౌడా నిజమైన రేసు డ్రైవరు. 1976 ఆగస్టు 1న జర్మనీ రేసులో, నూర్‌బర్గ్‌రింగ్‌లో మంటల్లో చిక్కుకున్నాడు. ముఖం కాలింది. పొగ, విషవాయువులు పీల్చి ఊపిరితిత్తులూ దెబ్బతిన్నాయి. ఆ ఊపిరితిత్తుల్ని శుభ్రం చేసే సీనే మీరు చూడలేకపోయింది. అది నిజం. మంచం, గొట్టాలు, నొప్పి, అన్నీ నిజం. ఆరు వారాలకి ఇటలీలోని మోంజాలో మళ్ళీ కారెక్కి నాలుగోస్థానంలో వచ్చాడన్నదీ నిజమే. కానీ ఆ ఆరు వారాలూ ఎలా గడిచాయో చూశాకే ఆ నాలుగోస్థానానికి విలువ. నన్ను భయపెట్టేవి వేరే రకం సినిమాలు. కారు నాలుగు పల్టీలు కొడుతుంది, హీరో తలుపు తన్ని బయటికొచ్చి చొక్కా దులుపుకుని నడిచిపోతాడు. చుక్క రక్తం ఉండదు కాబట్టి చాలాసార్లు చిన్న వయసు సర్టిఫికెట్టే దొరుకుతుంది. పద్నాలుగేళ్ళ కుర్రాడికి వీటిలో ఏది చెడ్డదో మీరే చెప్పండి.

తండ్రి: (కాస్త ఆగి) అసలు సంగతి చెప్పేస్తాను. మొన్న నేను స్నానం చేసొచ్చేసరికి మావాడు బండి తీశాడండీ. సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. హెల్మెట్ లేదు.

డాక్టర్: అదీ సంగతి. తాళాలు ఎక్కడ పెడుతున్నారు?

తండ్రి: టీవీ మీద.

డాక్టర్: ఈ రాత్రికే చోటు మార్చేయండి. సినిమా గురించి తర్వాత మాట్లాడుకుందాం. మీవాడికి రేసంటే ఇష్టమే కాబట్టి ఒక నిజమైన ప్రమాదం గురించి చెప్పండి. 2020, బహ్రెయిన్ గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ కార్ల రేసు, రొమైన్ గ్రోజాన్ అనే డ్రైవరు. మొదటి ల్యాప్‌లోనే కారు ఇనుప కంచెను చీల్చుకుపోయి రెండు ముక్కలై అంటుకుంది. దాదాపు అర నిమిషం మంటల్లో ఉండి, చేతులు కాలినా తనంతట తానే పైకెక్కి వచ్చాడు. ఎలా? తలకి కంచె తగలకుండా డ్రైవరు కూర్చునే కాక్‌పిట్ చుట్టూ హేలో అనే చట్రం ఉంది, 2018 నుంచి ఫార్ములా వన్‌లో తప్పనిసరి. మెడ విరక్కుండా భుజాలమీద హాన్స్ పరికరం. ఒంటిమీద మంట తట్టుకునే దుస్తులు. పైగా రేసు మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే మెడికల్ కారు వెళ్తుంది, అందువల్ల డాక్టరు క్షణాల్లో అక్కడున్నాడు. ఇన్ని ఉంటే బతికాడు. మీ సందులో మీవాడి వెనక ఏ మెడికల్ కారూ రావట్లేదు.

తండ్రి: ఈ మాట వాడికి మీరే చెబితే బాగుణ్ణు.

డాక్టర్: నేను చెబితే క్లాసు పీకినట్టుంటుంది. మీరు పక్కన కూర్చుని, "హేలో లేకపోతే ఏమయ్యేదిరా?" అని అడగండి. వాడే చెబుతాడు. ఆ వయసులో వాళ్ళకి మనకంటే ఎక్కువ తెలుస్తుంది. ఇంకో ముక్క. సర్క్యూట్ మీద తీసిన కథ వేరు, ఊరి రోడ్డుమీద పందేలు కట్టే కథ వేరు. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు, ఎదురుగా ఎవరూ రారు. రెండో రకం సినిమా అయితే పద్నాలుగేళ్ళకి నేను సర్టిఫికెట్ కూడా చూడను, వద్దంటాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు సార్. తాళాలు మర్చిపోకండి. మరో కాల్... హలో? ...లైన్ కట్ అయింది. ఇంకొకరు... తాతగారూ, చెప్పండి.

తాతగారు: అమ్మా, మా మనవడికి ఆరేళ్ళు. 'కార్స్' అని బొమ్మల సినిమా చూపించాం. చిన్నపిల్లలదే కదా అని. అప్పట్నుంచి బొమ్మకార్లు తెచ్చి గోడకేసి గుద్దడమే పని!

డాక్టర్: గుద్దాక ఏం చేస్తాడు తాతగారూ?

తాతగారు: ఏం చేస్తాడు... దూది తెచ్చి చక్రానికి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, సోఫా కింద పడుకోబెడతాడు. ఆసుపత్రట.

డాక్టర్: (నవ్వుతూ) అయితే బెంగ లేదు. అందులో వయసైన కారు పల్టీ కొడితే, గెలుపు గీత ముందే ఆగిపోయి కుర్ర కారు వెనక్కెళ్ళి దాన్ని తోసుకొస్తుంది కదా. మీవాడు ఆ రెండో సగం కూడా పట్టుకున్నాడు. అలా కాకుండా గుద్దడం దగ్గరే ఆగిపోయి, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తూ, కారెక్కనని మొండికేస్తూ వారాల తరబడి సాగితే అప్పుడు డాక్టరుకి చూపించండి. ఇంత చిన్నవాళ్ళని థియేటరులో రేసు సినిమాకి మాత్రం తీసుకెళ్ళకండి. కథ సంగతి అలా ఉంచి, ఆ ఇంజిన్ల మోత చెవులకే మంచిది కాదు.

వ్యాఖ్యాత: ఇంకో కాల్ తీసుకునే టైముంది. హలో?

బాలిక: హలో ఆంటీ, నాకు పదకొండేళ్ళు. నేను ఫార్ములా వన్ మీద తీసిన 'ఎఫ్1' సినిమా చూడొచ్చా? అమ్మ వద్దంటోంది.

డాక్టర్: అమ్మ ఎందుకు వద్దంటోంది తల్లీ?

బాలిక: బూతులుంటాయంట. నాకు సినిమాలో బూతులు అక్కర్లేదు ఆంటీ, రేసు మధ్యలో ఆగి టైర్లు మార్చే పిట్ స్టాపులు చూడాలి. నాకు టైర్లు కూడా తెలుసు. ఎరుపు గీతది సాఫ్ట్, పసుపుది మీడియం, తెల్లది హార్డ్.

డాక్టర్: ఇది నాకే తెలీదు! సరే, ఒకటి అడుగుతా. అందులో హీరో, వయసైన డ్రైవరు, కావాలనే పక్క కార్లకి తగిలి, ప్రమాదం జరిగినప్పుడు రేసుని నెమ్మదింపజేసే సేఫ్టీ కారుని రప్పిస్తాడు, తన టీమ్‌కి లాభమని. అది తెలివా, మోసమా?

బాలిక: మోసమే. 2008లో సింగపూర్‌లో నిజం రేసులోనే ఒకతను తన టీమ్ కోసం అలానే కావాలని గోడకి గుద్దాడు. తర్వాత ఏడాది బయటపడి పెద్ద విచారణ జరిగింది.

డాక్టర్: మీ అమ్మగారు పక్కనే ఉన్నారా? ఫోనివ్వు.

బాలిక తల్లి: నమస్తే అండీ. ఇది రోజూ ఇదే గోల.

డాక్టర్: నమస్తే. హీరో చేసింది తప్పని చెప్పగలిగిన పిల్ల, చూపించండి. పీజీ-13యే, తిట్లు ఉన్న మాట నిజం. మోంజా రేసులో ఒక కారుకి మంటలంటుకుంటాయి, కుర్ర డ్రైవరు చేతులు కాలతాయి, కానీ బతుకుతాడు. అది ముందే చెప్పండి. ఇంట్లో, మీరు పక్కన ఉండగా, రిమోట్ మీ చేతిలో.

బాలిక తల్లి: ఎంతసేపుంటుందండీ?

డాక్టర్: రెండున్నర గంటల పైనే.

బాలిక తల్లి: రెండున్నర గంటలా! అయితే ఈరోజు కాదు, రేపు దీనికి లెక్కల పరీక్షుంది.

బాలిక: (వెనక నుంచి) అమ్మా, శనివారం!

వ్యాఖ్యాత: శనివారమని ఇక్కడ రికార్డయిపోయిందమ్మా, అందరూ విన్నారు. ప్రకటనల తర్వాత మళ్ళీ కలుద్దాం.