అరవై ఐదు దాటాక కిడ్నీ మార్పిడి: దాత కూడా పెద్దవాళ్లయితే?

వ్యాఖ్యాత: నమస్కారం. విజయవాడ స్టూడియోలో ఈ రోజు మనతో ఒక నెఫ్రాలజిస్టు ఉన్నారు. డాక్టరుగారూ, సూటిగా అడిగేస్తాను. ఒకాయనకు 68 ఏళ్లు, డయాలసిస్ మీద ఉన్నారు. భార్యకు 63, కిడ్నీ ఇస్తానంటున్నారు. ‘ఆ వయసు కిడ్నీ ఎన్నాళ్లొస్తుంది’ అని ఇంట్లోవాళ్ల వాదన.

డాక్టరు: పాతికేళ్ల కుర్రాడి కిడ్నీ అంత కాలం రాదండీ, అది నిజమే. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల నెఫ్రాన్లుంటాయి, అంటే రక్తాన్ని వడపోసే చిన్న చిన్న జల్లెడలు. నలభై దాటాక, నిమిషానికి జరిగే వడపోత ఏడాదికి సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున తగ్గుతూ వస్తుంది. కానీ 68 ఏళ్లాయనకు నలభై ఏళ్లు నడిచే కిడ్నీ అక్కర్లేదు కదా. యూరప్‌లో కొన్ని దేశాల మధ్య అవయవాలు పంచే యూరోట్రాన్స్‌ప్లాంట్ సంస్థ 1999లో ఇదే పద్ధతి పెట్టింది. చనిపోయిన 65 దాటిన దాతల కిడ్నీలు 65 దాటిన రోగులకు, అదీ దగ్గర్లో ఉన్నవాళ్లకే.

వ్యాఖ్యాత: దగ్గర్లోనే అని ఎందుకు?

డాక్టరు: బ్రెయిన్ డెడ్ దాత కిడ్నీని ఐసులో, 4 డిగ్రీల దగ్గర ఉంచుతాం. పెద్దవయసు కిడ్నీ రక్తం అందకుండా ఎక్కువసేపు తట్టుకోలేదు. 12 గంటల్లోపు కుట్టేయాలని చూస్తాం. ఆలస్యమైన కొద్దీ, పెట్టిన కిడ్నీ వెంటనే మూత్రం చెయ్యకుండా మొండికేసే అవకాశం పెరుగుతుంది. అప్పుడు మొదటి వారంలోనే మళ్లీ డయాలసిస్ చెయ్యాల్సొస్తుంది. ఇంట్లోవాళ్లు ‘ఫెయిలైపోయింది’ అని బెంబేలెత్తిపోతారు. చాలామందిలో కొద్ది రోజులకో, వారాలకో అది అందుకుంటుంది. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

వ్యాఖ్యాత: మరి భార్య ఇస్తే?

డాక్టరు: అదే మేలు. దాతా రోగీ పక్కపక్క థియేటర్లలో ఉంటారు, ఐసులో ఉండే సమయం బాగా తగ్గిపోతుంది. అయితే ఆవిడకు పరీక్షలు గట్టిగా చెయ్యాలి. క్రియాటినిన్, అంటే కండల నుంచి వచ్చి కిడ్నీ వడపోసే వ్యర్థం, రక్తంలో అదొక్కటే చూసి సరే అనకూడదు. సన్నగా ఉన్న పెద్దావిడకు కండ తక్కువ, కాబట్టి వడపోత తగ్గినా క్రియాటినిన్ 0.9 చూపించొచ్చు. డీటీపీఏ స్కాన్ చేస్తే ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడివిడిగా తెలుస్తుంది. తేడా ఉంటే మంచిది ఆవిడకే వదిలేస్తాం. ఇందులో బేరాల్లేవు. మూత్రంలో ఆల్బుమిన్, బీపీ, షుగరు కూడా తప్పకుండా చూస్తాం.

వ్యాఖ్యాత: ఆయనకేం చూస్తారు?

డాక్టరు: గుండె సరే, అది అందరూ చూస్తారు. చాలామంది మర్చిపోయేది పొత్తికడుపు సీటీ. కొత్త కిడ్నీ రక్తనాళాన్ని తుంటి దగ్గరి ఇలియాక్ ధమనికి కుడతాం. ఏళ్లతరబడి షుగరు, డయాలసిస్ ఉంటే ఆ ధమని గోడలో సున్నం పేరుకుంటుంది. అలాంటిచోట రక్తం ఆపే క్లాంప్ వెయ్యలేం, సూదీ దిగదు. కడుపు కోశాక తెలుసుకోవాల్సిన సంగతి కాదిది. ఇంకోటి, మొదటి మూడు నెలలు ప్రమాదం డయాలసిస్‌లో ఉన్నప్పటికంటే ఎక్కువే. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవలేని మనిషిని ముందు ఫిజియోథెరపీతో, ప్రొటీన్ తిండితో నిలబెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: ఇచ్చేవాళ్లెవరూ లేకపోతే?

డాక్టరు: చనిపోయినవాళ్ల అవయవాలు రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో నమోదు చేయించుకోండి. 65 దాటితే పేరు తీసుకోరన్న నియమాన్ని కేంద్రం 2023లోనే తీసేసింది.

వ్యాఖ్యాత: ఆపరేషన్ అయ్యాక క్రియాటినిన్ 1.7 దగ్గర ఆగిపోతే కంగారుపడాలా?

డాక్టరు: అక్కర్లేదు. పక్క బెడ్‌లో కుర్రాడికి 1.0 వచ్చిందని పోల్చుకోకండి. ఆ 1.7 అక్కడే నిలబడిందా, పెరుగుతోందా అన్నదే ముఖ్యం. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే మందు టాక్రోలిమస్. దాని రక్తపరీక్షకు ఉదయం మాత్ర వేసుకోకుండా రండి. రాత్రి మాత్ర పడ్డ 12 గంటలకు రక్తం తియ్యాలి. మింగేసి వస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కోవద్దు. పంపరపనస తినొద్దు, టాక్రోలిమస్ రక్తంలో పెరిగిపోతుంది.

వ్యాఖ్యాత: మే నెలలో మన బెజవాడ ఎండలకు?

డాక్టరు: అసలు భయం అప్పుడే. విరేచనాలు పట్టుకుంటే మందు బయటికి పోతుందనుకుని కొందరు ఇంకో మాత్ర వేసుకుంటారు. జరిగేది దానికి ఉల్టా. పేగు దెబ్బతిన్నప్పుడు టాక్రోలిమస్ రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది, మందు పెరుగుతుంది, పెద్దవయసు కిడ్నీకి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. రోజుకు నాలుగైదుసార్లు విరేచనమైతే ఓఆర్ఎస్ తాగుతూ అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. డోసు మీ అంతట మీరు మార్చొద్దు. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా సరే బయల్దేరండి.